లస్మన్న వినని మాట

ఒక తప్పు ఇన్నేండ్లు నా లోపల కూసున్నది. ఇంట్ల ఆమెకు కూడ చెప్పలే. మీరెవరో నాకు తెల్వదు, నేనెవరో మీకు తెల్వదు. గందుకే మీకు చెప్పబుద్ధైతుంది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డ కొత్తల, ఆదిలాబాదుల వ్యవసాయ శాఖల నాకు చిన్న నౌకరి. పత్తికో జొన్నకో పురుగు పడితే చూసి మందు చెప్పుడు నా పని. ఒకనాడు ఇంజనీరు సారు కబురు పంపిండు. ఆయన బంగ్లా ముంగట గరికతోటి పెంచిన లాను ఉండె. వానలు తగ్గినంక అది పళ్లెమంత పళ్లెమంత జాగల్ల పసుపు పడ్డది. గోరింకలు దిగి ఆ జాగల్లనే మట్టిని పొడుస్తుండె.

తోట పని చూసే మాలీ పేరు లస్మన్న. అరవైకి దగ్గర. నన్ను చూడంగనే చేతులు జోడించిండు.

"నీళ్లు పోస్తలేనని అమ్మగారు కోపం చేస్తుంది సారూ. దినాం పోస్తున్న."

వంగి పసుపు పడ్డ గడ్డిని పట్టి గుంజిన. చాప లేచినట్టు లేచొచ్చింది. వేర్లే లేవు. కింద మట్టిల తెల్లటి లావు పురుగులు, ఎర్ర తలకాయలు, ముడుచుకొని పండుకున్నయి. గోరింకలు అక్కడ్నే ఎందుకు పొడుస్తున్నయో గప్పుడు సమజైంది.

"వేరుపురుగు ఇది. నీ తప్పేం లేదు" అన్న. లస్మన్న మొఖం తేటపడ్డది.

మర్నాడు పొడి మందు తెచ్చి, ఇసుకల కలిపి, ఇద్దరం చల్లినం. వేర్ల దాక దిగాలని మీదికెళ్లి నీళ్లు కొట్టించిన. ఇంకొక్క మాటే మిగిలింది. నెల దాక ఈ గడ్డి పశువుకు పెట్టొద్దు. లస్మన్న కోసిన గడ్డిని మోపు కట్టి దినాం తన బర్రెకు తీస్కపోతడని నాకెరుకే. చెప్దామని నోరు తెరిచిన. గప్పుడే సారు ఇంటి అమ్మగారు వరండలకెళ్లి పిలిచింది. కుర్చీ వేయించింది. కప్పు సాసరుల చాయ ఇచ్చింది. అంత పెద్ద ఆఫీసరు ఇంట్ల నన్ను కుర్చీల కూసోబెట్టుడు అదే మొదలు. చాయ తాగి, పొంగిపోయి, ముందటి గేటుకెళ్లి బయటికొచ్చిన. లస్మన్న బంగ్లా వెనుక బావి కాడ చేతులు కడుక్కుంటుండె.

మూడోనాడు ఆ తొవ్వల పోతుంటె లాను మీద రెండు గోరింకలు చచ్చి పడి ఉన్నయి. వేరే పిట్ట ఒక్కటి దిగలే. అంత సప్పుడు లేని తోట నేనెన్నడు చూడలే. గప్పుడన్న యాదికి రావద్దా అని మీరడుగుతరు. వచ్చింది. అదే మీకు చెప్పాల్సింది. యాదికొచ్చి కూడ, ఆఫీసుకు ఆల్శమైతుంది, మాపటికి చెప్త అనుకొని పోయిన. మాపటికి పోలే. ఎందుకు పోలే? మరిచిపోయినందుకు సిగ్గా? ఒక మాలీకి ఒక మాట చెప్పెతందుకు మళ్ల గేటు దాక పోవుడేందన్న పొగరా? రెండూ ఉన్నయేమో.

రెండు దినాలకు బర్రె వణుకుడు పెట్టింది. నన్ను లస్మన్న ఇంటికి పిలిస్తె పోయిన. చూలుతోటి ఉండె. నురగ కక్కుకుంట నేలమీద కాళ్లు కొట్టుకుంటుంది. లస్మన్న భార్య పోశవ్వ దాని మెడ పట్టుకొని కూసున్నది. చెయ్యెతందుకు నా తాన ఏం లేకుండె. పగటిపూటకు పానం పోయింది. కడుపులది ఇంకా జరసేపు కదిలింది. పోశవ్వ దాని కడుపు మీదికి చెయ్యి జరిపి, మళ్ల తియ్యలే.

తెల్లారి ఇంజనీరు సారు నన్ను, లస్మన్నను వరండ ముందట నిలబెట్టిండు.

"గడ్డి పశువులకు పెట్టొద్దని ఇతనికి చెప్పినవా?"

"చెప్పిన సార్" అన్న. అనుడు అంత అల్కగ ఉంటదని నాకు తెల్వదు.

లస్మన్న నా దిక్కు చూసిండు. కోపం లేదు ఆ చూపుల. ఏదో ఎతుకుతున్నట్టుండె.

"చెప్పే ఉంటడు సార్. సదువుకున్నాయన చెప్పకుండెట్లుంటడు? నేనే ఇనకపోతిని."

చెప్పింది ఇననోడు మందులున్న తోటల పనికిరాడని సారు ఆయన్ని తీసేసిండు. పండుగనాటికి లాను మళ్ల పచ్చబడ్డది. సారు నన్ను మెచ్చుకున్నడు.

లస్మన్న జిన్నింగు మిల్లుల పత్తి మోసే పనికి పోయిండు. మూడేండ్లకు అంగట్ల పోశవ్వ కలిసింది. "ఏ మాట చెప్పినా మూడుసార్లు అడుగుతుండు సారూ. నా చెవుల మీద నాకే నమ్మకం లేదంటడు" అన్నది. అంతల లస్మన్న ఉల్లిగడ్డల సంచి పట్టుకొని వచ్చిండు. బాగ చిక్కిపోయిండు. నన్ను పక్కకు తీస్కపోయి అడిగిండు.

"సారూ, ఒక్క మాట. గా దినం నువ్వు చెప్పినప్పుడు నేను ఏడ నిలబడ్డ? ఎంత యాది చేసుకున్నా వస్తలేదు."

గప్పటికి ఇంజనీరు సారు బదిలీ మీద పోయిండు. నా నౌకరికి ఏ ఆపద లేదు. నిజం చెప్తె ఏమైతుండె? ఆయన నన్ను తిడుతుండె, గంతే. అది కూడ ఓర్సుకోలేని మనిషిని నేను.

"బావి కాడ. చేతులు కడుక్కుంటుంటివి. నీళ్ల సప్పుడుకు ఇనబడలేదేమో" అన్న.

జరసేపు కండ్లు మూసుకున్నడు.

"ఆఁ, నిజమే సారూ. బావి కాడ్నే. ఇగ యాదికొస్తుంది. నువ్వేందో అన్నవు" అన్నడు. నవ్విండు కూడ. పోశవ్వను పిలిచి చెప్పిండు, "ఇన్నవా, నాదే తప్పు, సారు చెప్పిండు."

మొదటి అబద్ధం భయంతోటి ఆడిన. ఈ రెండోది ఎందుకాడిన? బర్రెను చంపింది నా మరుపు, నా పొగరు. ఈ మనిషి బుర్రల లేని యాది పెట్టింది నేను, తెలిసి, పట్టపగలు, అంగడి నడుమ నిలబడి.

మళ్లేడు వానకాలంల లస్మన్న చచ్చిపోయిండని ఇన్న. పోశవ్వ తన బిడ్డ ఉండే ఊరికి పోయిందట, ఏ ఊరో అడగలే. మాఫీ అడిగెతందుకు ఎవ్వలు మిగల్లే, అడిగినా అది నాకు దొరకొద్దు. ఈ నాలుగు ముక్కలు రాసినంక మాత్రం ఊపిరి జర ఆడుతుంది.

లస్మన్న చెవులు మంచిగనే ఉండె. నేనే చెప్పలే.