భీమవ్వ నల్ల తెర

నిజామాబాద్ దుబ్బ గల్లీల భీమవ్వ అంటే బీడీలు చుట్టుట్ల చెయ్యి తిరిగిన మనిషని పేరు. చెయ్యే కాదు, నోరు కూడా అట్లనే తిరుగుతది. ఒళ్లో చాట పెట్టుకుని తునికాకు కత్తిరిచ్చుకుంట, ఎవరింట్ల ఏం కూర వండిన్రో, ఎవరి అల్లుడు ఎందుకలిగిండో కూర్చున్న కాడి నుంచే చెప్పేస్తది. మనవలు పుట్టే ఈడు వచ్చినా, ఇంకొకర్ని సతాయించి నవ్వుకునే గుణం మాత్రం పోలేదు. ఆమె పెనిమిటి రామస్వామి పసుపు మార్కెట్ యార్డుల సంచులు కుడ్తడు. మాట్లాడుడు తక్కువ. యార్డు నుంచి ఇంటికొచ్చే తొవ్వల కల్లు దుకాణం ఉన్నది. ఆయన అక్కడ ఆగే సంగతి అందరికీ తెల్సు గని, ఎవ్వరికీ తెల్వదని ఆయన నమ్మకం.

కొడుకు దుబాయిల ఉంటడు, కోడలు రోజా ఇక్కడనే ఒక కంప్యూటర్ సెంటర్ల పని చేస్తది. ఆమె దగ్గర ఒక పాత ల్యాప్‌టాప్ ఉన్నది. మౌస్ ఎప్పుడో పాడైంది, బొమ్మలున్నది ఏది తెరిచినా బర్రె లెక్క మొరాయిస్తది. అందుకని రోజా దాంట్ల ఇంటి ఖర్చులు ఎక్కించే చిన్న ప్రోగ్రాం ఒకటి పెట్టింది. దానికి బటన్లుండవు, బొమ్మలుండవు. నల్లటి తెర మీద ఒక గీత మిణుకుమిణుకుమంటది. మాట కొట్టి ఎంటర్ నొక్కితే ఖర్చు ఎక్కుతది. కూరగాయలకు ఇంత, గ్యాసుకు ఇంత అని నెలకో హద్దు పెట్టుకుంటే, హద్దు దాటిన లైను ఎర్రగా వస్తది.

రోజా పొద్దుగాలనే పనికి పోతది కాబట్టి ఏ పూట ఖర్చు ఆ పూట ఎక్కించే పని అత్తకు అప్పజెప్పింది. అత్తకు తెలుగు కూడబలుక్కొని చదువొస్తది, ఇంగ్లీషు రాదు. అందుకే పాలకో అక్షరం, ఉప్పు పప్పుకో అక్షరం, మొత్తం చూపియ్యమంటే ఇంకో అక్షరం అని చిన్నగ కుదిర్చిపెట్టింది. ఇన్నేండ్లు బీడీలకు దారం చుట్టిన వేళ్లకు ఆ మీటలొక లెక్కా? వారం తిరగకముందే భీమవ్వ టకటక కొట్టుడు షురూ చేసింది. చెప్పింది చేస్తది, ఎదురు మాట్లాడది, గిసొంటి మనిషి ఇంట్ల ఒక్కరన్న ఉండాలె అని కోడలు ముంగటనే మిషిన్ని మెచ్చుకున్నది.

ఒకనాడు రామస్వామి చాయ్ తాగుకుంట ఆ తెర దిక్కు అనుమానంగ చూసి, రోజూ దాంట్ల ఏం రాస్తున్నవని అడిగిండు. ఉన్నదున్నట్టు చెప్తే అయిపోయేది. గని భీమవ్వకు లోపల ఏదో కితకితలు పెట్టినట్టయింది.

"నేనేడ రాస్తున్న? అదే రాసుకుంటది. మనింటోళ్లు యాడ రూపాయి తీసినా దానికి ఎర్కైతది" అన్నది.

అని ఊకోలేదు, మీట నొక్కింది. ఇంగ్లీషు లైన్లు జలజల దిగినయ్. అవి పాలు, సబ్బులు, కరెంటు బిల్లు, గని ఇంగ్లీషు రాని రామస్వామికేం తెల్సు? భీమవ్వ వాటి మీద వేలు పెట్టి, చదువుతున్నట్టే నింపాదిగ, నిన్న పొద్దుమూకి కల్లు దుకాణం, రెండు సీసలు, ఒక పొట్లం గుడాలు అన్నది. రామస్వామి గిలాస కింద పెట్టి, తెర ముంగట చేతులు కట్టుకుని నిలబడ్డడు.

ఆమెకు ఆ ముచ్చట చెప్పింది మిషిన్ కాదు, శంకరమ్మ. శంకరమ్మ కల్లు దుకాణం ముంగట గంప పెట్టుకుని గుడాలు, అంటే ఉడకబెట్టిన శనగలు, అమ్ముతది. భీమవ్వకు దోస్తు. పొద్దుగాల ఇద్దరు కలిసిన్రంటే దుకాణంల ఎవరెంత తాగిన్రో, ఎవరు ఉద్దెర పెట్టిన్రో అన్నీ భీమవ్వ చెవుల పడ్తయ్.

ఆనాటి నుంచి రామస్వామి గుమ్మంల చెప్పులు ఇడుస్తనే తనంతల తాను ఒప్పుకునుడు మొదలుపెట్టిండు. ఇయ్యాల ఒక్క సీసనే అని ఒకనాడు, దోస్తు బలవంతం చేసిండని ఇంకోనాడు. భీమవ్వ మొఖం గంభీరంగ పెట్టుకుని మీట నొక్కి, తెర చూసి, "అవును, నిజమే చెప్తున్నవ్" అనేది. ఆయన అటు తిరగంగనే కొంగు నోట్ల కుక్కుకుని నవ్వేది.

ఈ సంగతి బీడీలు చుట్టే ఆడోళ్లల్ల పాకింది. మా ఆయన సంగతి జర సూడమని ఒక్కొక్కరే వచ్చుడు వెట్టిన్రు. భీమవ్వ కాదనలేదు. ఒక్కపూట గడువడిగి, శంకరమ్మను కదిలిచ్చి, మరునాడు తెర ముంగట కూర్చుని చెప్పేది. చెప్పింది చెప్పినట్టే తగిలేసరికి ఆడోళ్లు ఆ ల్యాప్‌టాప్‌కు దండం పెట్టుడొక్కటే తక్కువ. గల్లీల మొగోళ్లు బుగులు పడ్డరు. కొందరు దుకాణం మొఖం చూసుడే బంద్ చేసిన్రు.

ఆ దెబ్బ తగిలింది శంకరమ్మకు. కల్లుకు రాకపోతే గుడాలెవరు తింటరు? గంప నిండుగ పోయేది, నిండుగనే తిరిగొచ్చేది. ఇగ ఈ ఆట చాలిద్దాం అక్కా, నా పొట్ట మీద పడ్తున్నదని ఆమె మొత్తుకున్నది. గని గల్లీల తనకు దొరికిన ఇజ్జత్ భీమవ్వకు తియ్యగున్నది. ఇంకో నెల ఓపిక పట్టమన్నది. శంకరమ్మకు కడుపు మండింది. సక్కగ పసుపు యార్డుకు పోయి, సంచులు కుడుతున్న రామస్వామిని పక్కకు పిలిచి మొత్తం ఇప్పి చెప్పింది. ఆ కోపంల ఇంకో ముచ్చట కూడా చెప్పింది. శుక్రవారం శుక్రవారం బీడీ కంపెనీల పీఎఫ్ కాయితాల పనున్నదని చెప్పి భీమవ్వ పోయేది కంపెనీకి కాదు, సినిమాకు. వాపసు వచ్చేటప్పుడు మిర్చి బజ్జీలు తిని, మూతి తుడుచుకుని వస్తది.

రామస్వామి సూది సంచికి గుచ్చి పక్కన పెట్టిండు. మోసపోయినందుకు కోపమొచ్చింది. తెర ముంగట తాను చేతులు కట్టుకుని నిలబడ్డది యాదికొచ్చి సిగ్గయింది. ఆఖరికి ఆయనకూ నవ్వే వచ్చింది.

సాయంత్రం కోడల్ని బతిమిలాడుకున్నడు. అత్తకూ మామకూ నడుమ నన్నెందుకు పెడ్తరని రోజా ముందు గునిసింది గని, ఆమెకూ తమాషా చూడాలనే ఉన్నది. అత్త రోజూ నొక్కే మీటకే ఇంకో రెండు లైన్లు తగిలిచ్చింది, అదీ తెలుగుల.

మరునాడు అరుగు మీద ఆడోళ్లు నిండి ఉన్నరు. రామస్వామి యార్డుకు పోకుండ దర్వాజకు ఒరిగి నిలబడ్డడు. భీమవ్వ ఎప్పటిలెక్కనే మీట నొక్కింది. ఆ నల్ల తెరకు తెలుగు అలవాటు లేదు, ఇంగ్లీషు లైన్ల కింద తెలుగు అక్షరాలు విరిగిపోయినట్టు, ఒత్తులు ఊడినట్టు వచ్చినయ్. అయినా చదవొస్తున్నయ్. భీమవ్వ కండ్లు చికిలిచ్చి చూస్తుండంగనే ఎనక నుంచి ఒకామె గట్టిగ చదివేసింది. శుక్రవారం, భీమవ్వ, సినిమా టికెట్. శుక్రవారం, భీమవ్వ, మిర్చి బజ్జీ.

రామస్వామి మీసం కింద నవ్వు దాసుకుంటున్నడు. భీమవ్వ ఒక్కసారి ఆయన దిక్కు చూసింది, లోపల నిలబడ్డ కోడలి దిక్కు చూసింది. సమజైంది. అయినా మొఖం కదలనియ్యలేదు. చాట పక్కకు పెట్టి ఆడోళ్ల దిక్కు తిరిగింది.

"సూసిన్రా? సాకిన నన్నే ఇడ్సిపెట్టలే. ఇగ మీ మొగోళ్లనెట్ల ఇడ్సిపెడ్తది?"

ఆడోళ్లు ముక్కు మీద వేలేసుకున్నరు. ఉన్న నమ్మకం రెట్టింపైంది. రామస్వామి ముంగటికొచ్చిండు. ఇదంత మిషిన్ కాదు, నేనే ఎక్కిచ్చిన, అసలు మీకు చెప్పేటిది శంకరమ్మ అని చేతులూపుకుంట మొత్తుకున్నడు. పట్టుబడ్డ మొగోడు గట్ల అనక ఎట్లంటడని ఆడోళ్లు ఆయన్నే తీసిపారేసిన్రు.

అందరు పోయినంక ఇంట్ల ముగ్గురే మిగిలిన్రు. ముందు నవ్వింది రోజా. ఎనక రామస్వామి. భీమవ్వ ఓడిపోయినట్టు ఒప్పుకోదు కాబట్టి కొద్దిసేపు బిగబట్టుకున్నది గని, కండ్లల్ల నీళ్లొచ్చేదాంక నవ్వక తప్పలేదు. అటెన్క నెమ్మదిగ, సినిమాకు పోతున్ననంటే ఏమనుకుంటవోనని భయపడ్డ అన్నది. "నువ్వొద్దన్నా పోయెటిదాన్నే గని" అని కూడా కలిపింది.

రోజా ఆ పూటనే నల్ల తెర మీద 'సరదా' అని కొత్త పద్దు పెట్టింది. అత్తకు సగం, మామకు సగం. దాస్కునుడు లేదు, ఒప్పుకునుడు లేదు, హద్దు దాటకుంటే చాలు. గల్లీల ఆడోళ్లకు మాత్రం మిషిన్‌కు సూపు తగ్గిందని, దూరం సంగతులు అందుతలేవని భీమవ్వే చెప్పింది. మొగోళ్లు ఒక్కొక్కరే దుకాణానికి మళ్లిన్రు. శంకరమ్మ నాలుగు దినాలు మాట్లాడక, ఐదో దినం వేడి గుడాలు పట్టుకుని తానే వచ్చింది.

ఆ శుక్రవారం రామస్వామి కూడా సినిమాకు పోయిండు. లైట్లు ఆరంగనే నిద్రపోయి, ఇంటర్వెల్ల బజ్జీలకు లేచి, మళ్ల నిద్రపోయిండు. ఇంటికొచ్చినంక ఆయన టికెట్ ఎవరి సగంల ఎక్కియ్యాలని ఇద్దరూ అన్నం సల్లారేదాంక కొట్లాడిన్రు.