డ్రాయింగ్ మాస్టారి ఆర్చ్‌టాప్

పందొమ్మిదివందల అరవైల్లో ప్రతి ఆదివారం పొద్దున అబిడ్స్‌లో ఒక టైలరు షాపు పైగదిలో కలిసేవాళ్లం, గిటార్ పిచ్చి పట్టినవాళ్లం అయిదారుగురం. కొత్తవాళ్లు వస్తే అందరం వరసగా లేచి, ఎవరికి వాళ్లు తమని, తమ గిటార్‌ని పరిచయం చేసుకోవాలి. అందులో ఒక తిరకాసు ఉండేది. గిటార్ గొప్ప చెప్పే ముందు దాని లోపం చెప్పాలి. ఆ నియమం పెట్టింది డ్రాయింగ్ మాస్టారు. “గొప్పలు ఎవడన్న చెప్తడు. ఖరాబేందో ముంగట చెప్పాలె,” అనేవారు.

ఆయన పాత హైదరాబాదు మనిషి. యాభై దాటాయి, బడిలో బొమ్మలు గీయడం నేర్పేవారు. ఆయన గిటార్ ఆర్చ్‌టాప్. వయొలిన్‌కి మల్లే పైపలక ఉబ్బెత్తుగా, రెండు పక్కలా మెలితిరిగిన చీలికలతో ఉండేది. దేశం వదిలి వెళ్లిపోతున్న ఒక బ్యాండు వాద్యకారుడి దగ్గర కొన్నారట. ఇంట్లోవాళ్లని కూడా ముట్టుకోనివ్వరని అందరూ చెప్పుకునేవారు. అలాంటిది ఒక ఆదివారం నా చేతికిచ్చారు.

“తీగలు పాతవైనయ్ తమ్మీ. కొత్తయి ఏసి వచ్చే ఐతారం పట్కరా. అందాక వాయించుకో.”

నేను గుడివాడ నుంచి వచ్చి అప్పటికి రెండేళ్లు. గన్‌ఫౌండ్రీ పేటలో ఒక ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం, నాంపల్లిలో అద్దె గది. నా సొంత గిటార్‌ని వాయించే సేపు కన్నా శ్రుతి చేసుకునే సేపే ఎక్కువ. ఆర్చ్‌టాప్‌ని దాని గుడ్డసంచిలో పెట్టి, పైన దుప్పటి చుట్టి ఒళ్లో పెట్టుకుని రిక్షాలో వస్తుంటే, నా అంతవాడు లేడనిపించింది.

ఆ గర్వం బుధవారం దాకా నిలిచింది. శుభ్రంగా తుడుద్దామని తీగలన్నీ ఒక్కసారే విప్పేశాను. తీగలు ఆనే చిన్న చెక్కని బ్రిడ్జి అంటారు. అది పలక మీంచి ఊడి నా చేతిలోకి వచ్చింది. నా గిటార్‌కి అది గట్టిగా అతికించే ఉండేది, దీనికీ అంతే అనుకున్నాను. మాస్టారి గిటార్ విరగ్గొట్టానని హడలిపోయాను.

అఫ్జల్‌గంజ్‌లో మాస్టారి ఇల్లు సైకిల్ మీద ఎంతో దూరం కాదు. వెళ్లి అడిగి ఉంటే ఒక్క మాటతో తేలిపోయేది. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. నేను అడగలేదు. చేతకానివాడనుకుంటారని పౌరుషం, మళ్లీ ముట్టుకోనివ్వరని భయం. స్టేషన్ దగ్గర తలుపులూ కుర్చీలూ చేసే వడ్రంగి దగ్గరికి పట్టుకెళ్లాను.

“గింతదానికి ఫికర్ చేస్తరేంది సార్? మళ్ల ఊడితే నన్నడుగుండ్రి,” అని అతను వేడి బంక పూసి, కంటి అంచనాతో బ్రిడ్జిని పెట్టి, మీద రాయి బరువు పెట్టాడు. మర్నాడు కొత్త తీగలు వేశాను. గిటార్ మెడ మీద వేళ్లు నొక్కే మెట్లలో కింది వాటి మీద బాగానే మోగింది. పైమెట్లకి వెళ్లేసరికి ప్రతి స్వరమూ తప్పుతోంది. ఎందుకో అర్థం కాలేదు. ఆదివారం దాకా కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకున్నాను.

ఖర్మకొద్దీ ఆ ఆదివారమే కొత్తావిడ వచ్చింది. బ్యాంకులో టైపిస్టు, ఒడిలో పడుకోబెట్టి వాయించే హవాయి గిటార్ తెచ్చింది. “దీని లోపం నేనేనండీ, రెండు పాటలే వచ్చు,” అంది. మాలో ఒకడైన టెలిఫోన్ మెకానిక్ లేచి, పాత ఫోను అయస్కాంతాలతో తనే చేసుకున్న ఎలక్ట్రిక్ గిటార్‌ని రేడియోకి తగిలించి చూపించాడు. “ఖరాబేందంటే, వానల షాక్ కొడ్తది,” అన్నాడు. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

“ఇయ్యాల నా గిటార్ సంగతి గూడ నువ్వే చెప్పు తమ్మీ,” అన్నారు మాస్టారు.

లేచాను. నిజం చెప్పడానికి అంతకన్నా మంచి అదను దొరకదు, నియమమే అడుగుతోంది. నా నోటివెంట వచ్చింది మాత్రం, “దీనికి లోపమేమీ లేదండీ,” అని.

కింది మెట్ల మీదే ఏదో వాయించి ముగించబోయాను. “జర మీదికి పో,” అన్నారాయన. వెళ్లాను. రెండు స్వరాలకే మెకానిక్ ముఖం చిట్లించాడు. మాస్టారు చెయ్యి చాపి గిటార్ తీసుకున్నారు. అలవాటుగా బొటనవేలితో బ్రిడ్జిని పక్కకి నొక్కారు. కదల్లేదు. మళ్లీ నొక్కారు.

“ఏంది, కదుల్తలేదు?”

 ఇక దాచలేక అంతా చెప్పేశాను, వడ్రంగి పెట్టిన రాయితో సహా.

“అది ఊడేదే తమ్మీ,” అన్నారు నెమ్మదిగా. “తీగల బిగువు మీదనే నిలబడ్తది. చెవితోని విని జరుపుకుంటం.”

గోటితో పోయేది గొడ్డలిదాకా తెచ్చుకున్నాను. ఆయన తీగలు వదులు చేసి గిటార్‌ని బల్ల మీద పడుకోబెట్టారు. “నువ్వే పెట్టిచ్చినవ్, నువ్వే తియ్యి,” అన్నారు. మెకానిక్ వైర్లు అతికే తన సోల్డరింగ్ ఐరన్ మీద సన్నటి కత్తి వేడిచేసి ఇచ్చాడు. పలక చీలిందంటే ఆ గిటార్ పనికిరాదు, అలాంటిది ఇంకొకటి దొరకదు. ఆ సంగతి గదిలో అందరికీ తెలుసు. కత్తి మొన బ్రిడ్జి కిందికి దూర్చాను. బంక కాలిన కంపు. ఎక్కడో టిక్కుమంది. టైపిస్టు కళ్లు మూసుకుంది. మాస్టారు పలక మీద అరచెయ్యి ఆనించి, “ఆగకు,” అన్నారు. నా చెమట చుక్కలు గిటార్ మీద పడుతుంటే ఆయనే తుడిచారు. కత్తి ఎన్నిసార్లు వేడిచేశామో గుర్తులేదు. చివరికి బ్రిడ్జి వచ్చింది. దాంతోపాటు వేలెడంత మేర పాలిష్ లేచిపోయి తెల్లటి చెక్క బయటపడింది. పలక మాత్రం చీలలేదు.

ఆయన బ్రిడ్జి నిలబెట్టి, తీగలు బిగించి, వింటూ అటూ ఇటూ జరిపారు. పైమెట్ల దాకా వాయించారు. ఒక్క స్వరమూ తప్పలేదు. నాకు ఏడుపొచ్చింది.

అప్పుడాయన రెండు చేతులతో గిటార్‌ని నాకు అందించారు. “తీస్కపో. ఇంకో వారం ఉంచుకో.”

“వద్దండీ మాస్టారూ. మీ దగ్గరే ఉండనివ్వండి,” అన్నాను. మర్యాదగా తప్పుకున్నాననుకున్నాను.

ఆయన చేతులు కాసేపు అలాగే ఉండిపోయాయి. “నేను గంత భయపెట్టేటోన్నా తమ్మీ?” అని అడిగారు. నేను కత్తికి అంటిన బంక గీకుతూ కూర్చున్నాను. ఆయన గిటార్‌ని సంచిలో పెట్టి, దాని గుండీలు ఒక్కొక్కటే పెట్టారు.

తర్వాత నాలుగేళ్లు ప్రతి ఆదివారం ఆయన పక్కనే కూర్చున్నాను. ఆ గిటార్‌ని మళ్లీ నా చేతికివ్వలేదు. నేనూ అడగలేదు.