లేవని బొటనవేలు

ఈ సంగతి జరిగినప్పుడు నాకు అక్షరాలు రావు. యాభై దాటాక, మట్టెవాడలో మా వెనుక సందులో పెద్దవాళ్లకు చదువు చెప్పే ఒక అమ్మాయి దగ్గర కూర్చుని నేర్చుకున్నాను. నేర్చుకున్నాక కూడా దీన్ని రాయడానికి చాలా రోజులు ధైర్యం చాలలేదు. రాస్తే ఆ భయం మళ్లీ పట్టుకుంటుందేమో అనిపించేది.

మా ఇంట్లో జంపఖానాలు నేస్తారు. మా ఆయన మగ్గం గుంటలో కూర్చుంటాడు, నేను రాట్నం మీద ఆయనకు నూలు కండెలు చుట్టి ఇస్తాను. ఆ ఏడు వానల్లో నల్లా దగ్గర కాలు జారి కుడిచేతి మీద పడ్డాను. మణికట్టు వాచింది. ధర్మసాగర్ దారిలో ఒక పెద్దాయన గుడ్డుసొన పూసి, వెదురు బద్దలు పెట్టి కట్టు కట్టాడు. కట్టు విప్పేసరికి వాపు లేదు, నొప్పి లేదు. మళ్లీ రాట్నం ముందు కూర్చున్నాను.

ఒక మధ్యాహ్నం కండె చుడుతుండగా మణికట్టు వెనుక ఏదో చిన్నగా టక్కుమంది. దారం పట్టుకున్న బొటనవేలు వాలిపోయింది. లేపబోతే లేవలేదు. మిగతా నాలుగు వేళ్లూ లేస్తున్నాయి. బొటనవేలు లోపలికి వంగుతుంది, నొక్కితే దారం పట్టుకుంటుంది. పైకి మాత్రం రాదు. నొప్పి ఉంటే ఇంత భయపడేదాన్ని కాదు. అసలు నొప్పి లేకపోవడమే నన్ను హడలగొట్టింది.

మా అమ్మకు పక్షవాతం చేతి నుంచే మొదలైంది. చెంబు జారిందన్నది, మర్నాడు చెయ్యి జారింది, ఆ తర్వాత నోరు. మంచంలో ఉన్నన్నాళ్లూ ఆమెకు మందని పావురం రక్తం రుద్దినది నేనే. ఆ వాసన నాకు ఆ మధ్యాహ్నం రాట్నం దగ్గర వచ్చింది. పెదవులు తడుముకున్నాను. కాలివేళ్లు కదిపి చూసుకున్నాను. ఎవరికీ చెప్పలేదు.

కండెలు తగ్గేసరికి మా ఆయనకే తెలిసింది.

"ఏమే, చెయ్యి ఏమైంది?"

"ఏం కాలే. వేలు జర లేత్తలేదు."

ఆయన నా చెయ్యి తిప్పి చూశాడు. మగ్గం మనిషికి పడుగు దారం వాలితే ఏం చేయాలో తెలుసు. పైకి లాగి కట్టాలి. నా వేలికీ అదే చేశాడు. మెత్తటి నూలుతాడు తెచ్చి బొటనవేలిని పైకి లాగి మణికట్టుకు బిగించాడు.

"ఇగ సూడు. ఎట్ల లేవదో సూత్త."

వేలు నిలబడింది. ఇద్దరం నవ్వాం. దవాఖానకు పోవాల్సిన పని లేదని నాకు ఊపిరి వచ్చింది. పోతే అమ్మ జబ్బు పేరు చెబుతారేమోనని నా భయం. అలా రోజూ పొద్దున కట్టించుకునేదాన్ని, పడుకునేముందు విప్పేదాన్ని. కొన్నాళ్లకు తాడు విప్పినా వేలు వాలడం మానేసింది. నయమైందనుకున్నాను. వంచబోతే అది వంగనూ లేదు. కర్రపుల్లలా నిలబడిపోయింది. అప్పుడు ఏడ్చాను. వాతం ముదిరిందనే అనుకున్నాను.

మా ఆయన దవాఖానకు తీసుకెళ్లాడు. ఎముకల డాక్టరు నా అరచేతిని బల్ల మీద పరిచి, బిగుసుకున్న బొటనవేలును ఇంకా పైకి లేపమన్నాడు. లేవలేదు.

"సారూ, మా అమ్మకు పక్షవాతం ఉండె," అన్నాను. చెప్పకుండా ఉండలేకపోయాను.

"ఇది అది కాదమ్మా. వేలిని లేపే కండ వేలిలో ఉండదు. కండ ఇక్కడ ఉంటది," అని నా ముంజేతిని పట్టుకున్నాడు. "అది లాగితే సన్నటి తాడులాంటిది ఒకటి వేలిని లేపుతది. నువ్వు పడ్డప్పుడు ఎముక చిట్లింది. అతుక్కునేటప్పుడు ఆ గరుకు మీద తాడు అరిగి అరిగి తెగింది. ఎవరి తప్పూ కాదు. కండ బాగానే ఉంది, ఎముక బాగానే ఉంది. నడుమ తాడే లేదు."

"మరి కిందికి ఎట్ల వంగేది?" అన్నాడు మా ఆయన.

"వంచేది వేరే కండ. కండకు లాగడమే తెలుసు, తోయడం రాదు. అందుకే ఒకటి వంచేది, ఒకటి లేపేది. ఇది లాగితే అది వదలాలి."

"మా మగ్గంల కాళ్లకింది చెక్కలు గట్లనే సారూ. ఒకటి తొక్కితె ఒకటి లేత్తది."

"అంత తెలిసినోడివి కీలును ఎందుకు కట్టేసినవయ్యా? కదలకపోతే కీలు బిగుసుకుంటది. ముందు దాన్ని వదులు చేయాలి, తర్వాతే ఆపరేషన్."

ఇంటికొచ్చాక మా ఆయన రోజూ గోరువెచ్చటి నీళ్లలో నా వేలిని తనే వంచేవాడు. నేను కేకలు పెడితే, "మెల్లగ మొత్తుకో, సంపుతాన్ననుకుంటరు" అనేవాడు.

కీలు వదులయ్యాక డాక్టరు అసలు మాట చెప్పాడు. చూపుడువేలికి లేపే తాళ్లు రెండు ఉంటాయట. అందులో ఒకటి తీసి బొటనవేలికి కలుపుతాడట. ఉన్నది ఒక్క వేలి బాధ. మంచి వేలిని కోసి ఇస్తే రెండూ పోతే? ఇక రాట్నం ముందు నేనెందుకు? మా ఆయనతో అదే అన్నాను. "నీ చెయ్యి, నీ ఇష్టం," అన్నాడు. ఇలాగే ఉన్నా కండె చుట్టలేనని, కాగితాల మీద ఏం రాశారో చదవలేని నేను ఎడమచేతి వేలిముద్ర వేశాను.

ఆపరేషన్ రోజు చెయ్యి మొద్దుబారేలా చంకలో సూది ఇచ్చారు. కాసేపటికి కుడిచేయి నాది కాకుండా పోయింది. నర్సు దాన్ని ఎత్తి పక్కన పెట్టింది. పెట్టినచోటే పడి ఉంది. అమ్మ చెయ్యి మంచం పట్టె మీద అలాగే పడి ఉండేది. కళ్లు గట్టిగా మూసుకుని కాలివేళ్లు కదుపుతూనే ఉన్నాను.

కొన్ని వారాలకు పిండికట్టు కోసి తీశారు. వ్యాయామం చేయించే మేడం బొటనవేలు లేపమంది. బలమంతా పెట్టాను. కదలలేదు. రెండూ పోయాయనుకున్నాను.

"అమ్మా, బొటనవేలిని మర్చిపో," అంది మేడం. "ఇప్పుడు దాన్ని లేపేది చూపుడువేలి కండ. పాత అలవాటున పిలిస్తే పలకదు. నిన్ను ఇక్కడికి తోలుకొచ్చింది ఎవరు? చూపెట్టు."

మా ఆయన వైపు వేలు చాపాను. చూపుడువేలితోపాటు బొటనవేలు కొంచెం లేచింది.

"పెండ్లయినసంది నా మీదికి ఏలు సూపుడే దీని పని. గదే అక్కరకచ్చింది మేడం," అన్నాడాయన.

తెల్లవారి నిద్రలేస్తూనే చెయ్యి చూసుకున్నాను. రాత్రికి రాత్రి వేలు నేర్చుకున్నది మర్చిపోయి ఉంటుందని భయం. లేపబోయాను, లేవలేదు. గడప మీద కూర్చుని ఎదురింటి తలుపు వైపు వేలు చాపాను. కొంచెం కదిలింది. నీళ్ల డ్రమ్ము వైపు చాపాను. ఇంకొంచెం. అంతలో ఎదురింటామె బకెట్‌తో బయటికొచ్చింది.

"ఏందక్కా పొద్దుగాలే నా దిక్కు ఏలు సూపెడ్తానవ్? నేనేం జేసిన?"

"నిన్ను గాదే. నా ఏలు లేత్తదా లేదా సూత్తాన."

"అయితే నీ ఇంటిదిక్కు సూపెట్టుకో," అని ఆమె మూతి తిప్పింది. కానీ బకెట్ దించి అక్కడే నిలబడింది, చూడ్డానికి. నేను ఆమె వైపే మళ్లీ చాపాను.