ముందు వరుస నుంచి అందించిన మాటలు

రిటైరైన వాళ్లతో నాటకం వేయించడం కన్నా పదో తరగతి పిల్లలకు ఛందస్సు ఎక్కించడం తేలిక. రెండూ చేసినదాన్ని కనుక చెబుతున్నాను. జగిత్యాల శివార్లలోని ఒక వృద్ధుల నివాసంలో, నా పింఛను మొదలైన ఏడాది నుంచి ప్రతి శనివారం రిహార్సళ్లు చేయిస్తున్నాను. జీతం లేదు, గౌరవం ఉందని నా నమ్మకం. అక్కడ అందరికీ ఇంటి యజమాని వేషమే కావాలి. ఒక మాజీ తహసీల్దారుకు నౌకరు వేషం ఇస్తే కుర్చీలోంచి లేవనే లేదు. "నేను లేసి చాయ్ ఇచ్చుడేంది మేడం, ఎవలన్న సూస్తే ఏమనుకుంటరు?" అన్నాడు. నాలుగింటికి అసలు చాయ్ రాగానే రిహార్సల్ తనంతట తానే ముగిసేది.

అలాంటి రోజుల్లో సిరిసిల్ల పెద్దాయన నా దగ్గరికి వచ్చాడు. నలభై ఏళ్లు సాంచాల మీద, అంటే కరెంటు మగ్గాల మీద, పనిచేసిన మనిషి. ఆ మోతకు చెవులు పోయాయి, గొంతు మాత్రం పెరిగింది. ఆయన గుసగుసలాడితే వంటగదిలోకి వినిపిస్తుంది.

"మేడం, నాకు పెద్ద వేషం ఇయ్యున్రి. గా మేనేజర్ సూడాలె," అన్నాడు.

సంగతి ఏమిటంటే, అంతకు నెల ముందు ఈయన చెప్పకుండా బయటికి వెళ్లి, బస్టాండులో సిరిసిల్ల బస్సు కోసం నిలబడ్డాడు. షిఫ్టుకు టైమైందని అందరికీ చెప్పాడట. మతిమరుపు వచ్చినవాళ్లను ఉంచుకోబోమని అక్కడి నియమం. ఇంకొక్కసారి ఇలా జరిగితే కోరుట్లలో ఉన్న కూతురిని పిలిపిస్తానని మేనేజర్ చెప్పేశాడు. ఆయనకు ఆ కూతురు తప్ప ఎవరూ లేరు. అల్లుడు గల్ఫ్‌లో ఉంటాడు, ఇంట్లో వియ్యపురాలు ఉంటుంది.

"పండుగకు పోతే బిడ్డ ఇల్లు మంచిగుంటది మేడం. మంచమేసుకొని ఉంటే వియ్యపురాలి ముంగట నా బిడ్డ తలకాయ ఎట్లెత్తుకుంటది? నేను అన్ని మాటలు మంచిగ చెప్తే, మతి ఉన్నదని మేనేజరే అంటడు."

నాకు జాలి కలిగింది. అంతకన్నా ఎక్కువగా, నా నాటకం ఒక మనిషి బతుకును నిలబెట్టబోతోందని గర్వం కలిగింది. ఇంటి యజమాని వేషం ఆయనకే ఇచ్చాను. తహసీల్దారు రెండు వారాలు నాతో మాట్లాడలేదు, ఆ తర్వాత ఎలాగో నౌకరు వేషానికి ఒప్పుకున్నాడు.

వేషం ఇచ్చాక తెలిసింది, ఆయనకు రెండో మాట గుర్తొచ్చేలోపు మొదటిది పోతుందని. తెర వెనక నిలబడి అందించాను. తెర వెనక నుంచి అరిచాను. హాల్లో ఉన్న అందరికీ ఆయన మాటలు కంఠతా వచ్చాయి, ఆయనకు తప్ప. చివరికి ఉపాయం ఆయనే చెప్పాడు.

"ఎనుక నుంచి ఎంత ఒర్రినా నాకు ఇనరాదు. మీరు ముంగట కూసోన్రి. సప్పుడు చెయ్యకుంట పెదవులు ఆడియ్యున్రి, సాలు. సాంచాల కాడ గంత మోతల మేం గిట్లనే మాట్లాడుకుంటుంటిమి."

ప్రయత్నించాను. నా పెదవి కదలడమే ఆలస్యం, ఆ మాట ఆయన నోట్లోంచి వచ్చేసేది. అర్థం గురించి ఆగి ఆలోచించడం లేదు, మగ్గం ఆగకూడదన్నట్టు చెప్పుకుంటూ పోయేవాడు. నేను ఆవులిస్తే ఆయనా నోరు తెరిచేవాడు. బడి వార్షికోత్సవాల్లో ముప్పై ఏళ్లు తెర వెనక మాటలందించి, చప్పట్లన్నీ పిల్లలకే పోగా చూసినదాన్ని. ఇప్పుడు ముందు వరుసలోకి వచ్చాను కదా అని మురిసిపోయాను.

నాటకం రోజు టీవీ హాల్లో దుప్పట్లతో తెర కట్టాం. నేను మొదటి వరుస మధ్యలో కూర్చున్నాను. మేనేజర్ వచ్చి నా పక్క కుర్చీలోనే కూర్చున్నాడు. పెద్దాయన చేతికర్ర పట్టుకొని వేదిక మీదికి వచ్చి, నా ముఖం మీద చూపు నిలిపి మొదలుపెట్టాడు. కొడుకులను తిట్టాడు, కోడళ్లను మెచ్చుకున్నాడు, నౌకరు వేషంలోని తహసీల్దారును అదిలించాడు. ఒక్క మాట తప్పలేదు. జనం పొట్ట చేత పట్టుకొని నవ్వారు.

మేనేజర్ నా వైపు ఒంగాడు. "ఏం గ్యాపకం మేడం! నేనే తప్పుగ అనుకున్న. ఇగ ఆయనను పంపుడు ముచ్చటే లేదు."

అంతే. ఆ పెద్దాయనకు కావలసింది దొరికిపోయింది. నేను తల ఊపి ఊరుకుంటే సరిపోయేది. కానీ చప్పట్లు మళ్లీ ఎవరికో పోతున్నాయి. నా ప్రాణం ఒప్పలేదు.

"గ్యాపకం ఎక్కడిది సార్," అన్నాను గొంతు తగ్గించి, ముఖం మళ్లీ వేదిక వైపు తిప్పుకుంటూ. "అంతా నేనే అందిస్తున్న. నేను నోరు మూసుకుంటే ఆయనకు ఒక్క ముక్క రాదు."

వేదిక మీద పెద్దాయన తర్వాతి మాట కోసం నా పెదవులనే చూస్తున్నాడు. చూసింది చూసినట్టు, ఆ పెద్ద గొంతుతో హాలంతా వినిపించేలా చెప్పాడు. "అంతా నేనే అందిస్తున్న. నేను నోరు మూసుకుంటే ఆయనకు ఒక్క ముక్క రాదు."

జనం నాటకంలో మాటే అనుకొని చప్పట్లు కొట్టారు. చెప్పేశాక ఆయనకు అర్థమైంది. ముఖం పాలిపోవడం నాకు స్పష్టంగా కనిపించింది. నేను తొందర తొందరగా తర్వాతి మాట అందించాను. ఆయన చూపు తిప్పుకున్నాడు. మళ్లీ నా వైపు చూడలేదు. తహసీల్దారే ముందుకొచ్చి, జీవితంలో మొదటిసారి నౌకరులా ఆయన చేయి పట్టుకొని లోపలికి తీసుకెళ్లాడు.

మర్నాడు మేనేజర్ దగ్గరికి వెళ్లాను. "గొప్పకు అన్న సార్, పట్టించుకోకున్రి," అని బతిమాలాను. "గొప్పకు అన్నా, నిజమే గద మేడం. రేపు ఆయన ఏ బస్సు కిందనో పడితే ఎవలు జవాబు చెప్పాలె?" అన్నాడు. ఆ వారంలోనే కూతురు వచ్చి తీసుకెళ్లింది.

పది రోజుల తర్వాత కిలో బత్తాయిలు కొనుక్కొని కోరుట్ల బస్సెక్కాను. ముందు గదిలో, చెప్పుల స్టాండు పక్కన మంచం వేశారు. దాని మీద కూర్చున్నాడు. వియ్యపురాలు లోపలి గది గుమ్మం దగ్గర నిలబడి మమ్మల్ని చూస్తోంది. నేను ఆయనకు ఎదురుగా స్టూలు జరుపుకొని కూర్చున్నాను. రిహార్సల్‌లో చేసినట్టే, పెదవులు బాగా కదిలిస్తూ, తప్పు నాదేనని, క్షమించమని అన్నాను.

ఆయన గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు. మళ్లీ చెప్పాను. కూతురు ఆయన భుజం తట్టి, చెవి దగ్గర నోరు పెట్టి గట్టిగా చెప్పింది.

"నాయినా, మేడం ఏదో అంటుంది. జర ఆమె మొకం దిక్కు సూడరాదే."

ఆయన గోడ మీది నుంచి కళ్లు తిప్పలేదు.

"నాకు ఇనరాదు బిడ్డా," అన్నాడు.