తలుపేసుకొని మందలిస్తే

చిన్నప్పుడు ఒకసారి మేకల్ని మేపడానికి పోయి నిద్రపోయాను. లేచేసరికి అవి పక్కవాళ్ల పల్లి చేనులో పడి మేస్తున్నాయి. మా అవ్వ నా మీద చెయ్యెత్తలేదు. "గట్ల చేస్తరా బిడ్డా?" అని ఒక్క మాట అన్నది. తర్వాత నన్ను ఆ చేను పెద్దాయన ముందు నిలబెట్టి, "తప్పయింది పెద్దయ్యా" అని నా నోటితోనే చెప్పించింది. మందలించడమంటే నాకు తెలిసింది అదే. మాట మెత్తగానే ఉంటుంది, కానీ నష్టపోయిన మనిషి ఎదుట తల వంచాల్సిందే.

తెలంగాణ రాష్ట్రం వచ్చాక చౌటుప్పల్ దగ్గర మందుల కంపెనీలో ప్యాకింగ్ పనికి చేరాను. ఒకరోజు నా మెషిన్ ఆగిపోతే సూపర్‌వైజర్ షిఫ్టంతా వినేలా, "గొర్లు కాసుకునేదానికి మెషినెందుకు?" అన్నాడు. మేనేజర్‌కు కాగితం రాసిచ్చాను. మూడోనాడు ఆయన పిలిచాడు.

"అతన్ని మందలించానమ్మా. ఇక వదిలెయ్యి."

"యాడ మందలిచ్చిన్రు సారూ?"

"ఇక్కడే, నా గదిలో."

నాకు ఒళ్లు మండింది. "నన్ను అన్నప్పుడు అందరు విన్నరు. మీరు తలుపేసుకొని మందలిస్తే ఎవరు విన్నరు? గోడలా?"

"అయితే ఏం చెయ్యమంటావు?"

"అందరి ముందర నిలవెట్టి, తప్పయిందని ఆయన నోటితోటి చెప్పియ్యున్రి."

పోయి పని చూసుకోమన్నాడు. పోయాను, మెషిన్ దగ్గరికి కాదు. సూపర్‌వైజర్ బల్ల ముందు నిలబడి, "చెప్పున్రి సారూ, ఇంటున్న" అన్నాను.

నా వెనక మెషిన్లు ఒక్కొక్కటే ఆగాయి.