అవ్వ నడకకు ఎన్ని సెకన్లు

మా ఆఫీసు సీనియర్ టెక్నీషియన్ పోయారని సోమవారం పొద్దున ఆయన కూతురు ఫోన్ చేసింది. డర్బన్ శివారు ఫీనిక్స్‌లో, ఇంట్లోనే గుండె ఆగిందట. అయ్యో అనుకునే ముందే నాకు వచ్చిన ఆలోచన: ఈ ఫోన్ ముందు నాకే చేసిందా, ఇంకెవరికైనా చేసిందా? ఆయన విషయంలో నా బుద్ధి ఎప్పుడూ ఇంతే.

దక్షిణాఫ్రికాలో నల్లవాళ్లతో సహా అందరూ ఓటేసిన తొలి ఎన్నికల తర్వాత రెండేళ్లకు ఎం.టెక్. పట్టాతో విశాఖ నుంచి డర్బన్ వచ్చాను, ట్రాఫిక్ సిగ్నళ్ల ఇంజినీరుగా. ఆయన చెరకు తోటల పనికి వచ్చిన తెలుగువాళ్ల మనవడు. తెల్లవాళ్ల పాత ప్రభుత్వంలో ఆయనకు ఇంజినీరు కుర్చీ అందే వీలు లేదు. ఏళ్ల తరబడి స్తంభాలెక్కి దీపాలు మార్చారు. ఇక్కడ సిగ్నల్‌ని రోబో అంటారు. ఏ రోబో పాడైనా అందరూ ఆయననే పిలిచేవారు. నా గది తలుపు ఎవరూ తట్టేవారు కాదు.

ఫీనిక్స్‌లో ఒక క్లినిక్ ముందు, నడిచి దాటేవాళ్ల దీపానికి నేను సమయం లెక్కగట్టాను. రోడ్డు వెడల్పును నడక వేగంతో భాగించాను, పుస్తకంలో ఉన్నట్టే. వారం తిరక్కముందే ఆయన నన్ను అక్కడికి లాక్కెళ్లారు. తలమీద మూటతో ఒక జూలూ అవ్వ దాటుతోంది. నడిరోడ్డుకు చేరేసరికి దీపం ఎర్రబడింది. టాక్సీ హారన్ మోగించింది. ఆయన చెయ్యెత్తి దాన్ని ఆపి, "రా, గోగో" అని జూలూలో అవ్వా అని పిలుస్తూ ఆమెను అవతలికి నడిపించారు.

తిరిగొచ్చి, "అబ్బాయా, నీ లెక్క మంచిదే. కాళ్లు నీవి పెట్టినావు. గోగో కాళ్లు పెట్టు" అన్నారు.

"అందరికీ అంతసేపు ఇస్తే కార్లు ఆగిపోతాయి, అంకుల్."

"కారోడు కూసోని ఉన్నాడు కదా. ఈమె నిలబడి ఉంది."

సమయం మార్చాం. క్లినిక్ నర్సులు ఆయన పేరిట ఆఫీసుకు కేకు పంపారు. నాకూ ఒక ముక్క ఇచ్చారు. దాన్ని కాగితంలో చుట్టి సొరుగులో పెట్టేశాను.

మరుసటి ఏడు పైఅధికారులు, అనుభవం ఉన్న పాతవాళ్లకు ఇంజినీరు హోదా ఇద్దామన్నారు. ఆయన గురించి నా అభిప్రాయం అడిగారు. "చదువు చాలదు" అని రాశాను. అబద్ధం కాదు, అందుకే రాయడం తేలికైంది. ఆయనకు హోదా రాలేదు.

నెల తర్వాత నన్ను ఇంటికి భోజనానికి పిలిచారు. చేపల పులుసు వడ్డిస్తూ, "నువ్వు రాసింది చూసినాను" అన్నారు. నేను చేప ముళ్లు ఏరసాగాను.

"నిజమే రాసినావు. నన్ను అడిగుంటే ఇంకో లైను చెప్పుందును. తిను, చల్లారిపోతాది."

ఆ లైనేమిటో నేను అడగలేదు. ఇప్పటికీ ఏ రోడ్డు దగ్గరైనా ముందు ముసలివాళ్ల నడక చూస్తాను. అది ఆయన నేర్పినదే. నా సొంత తెలివని చెప్పుకుని మెప్పు పొందిన రోజులూ ఉన్నాయి.

శనివారం సమాధి చేశారు. చర్చి పాటలు ఇంగ్లిష్‌లో, జూలూలో సాగాయి. ఆయన అక్క ఒక్కతే తెలుగులో ప్రార్థించింది, మాటలు వెతుక్కుంటూ. తర్వాత మగవాళ్లం వంతులవారీగా పారతో మట్టి వేశాం. నా వంతులో నాలుగు పారలు పడ్డాక వెనకనున్న మా ఆఫీసు లైన్‌మన్ చెయ్యి చాచాడు.

"ఇవ్వు బ్రదర్, మేమూ ఉన్నాం."

వినపడనట్టు మరో పార ఎత్తాను. అతను పార కర్ర పట్టుకున్నాడు. నేను వదల్లేదు. మట్టి అంచుల నుంచి జారిపోతూంటే, ఇద్దరం ఆ ఒక్క కర్రనే పట్టుకుని నిలబడ్డాం.