బూటు విప్పిన చోటు

పొద్దున ఆసుపత్రి డ్యూటీకి బయలుదేరే ముందు ఆమె గుమ్మం మెట్టు మీద కూర్చుని కూతురి బూట్లకు లేసులు కడుతుంది. కూతురు కాలు ముందుకు చాపి, చేతిలో పుస్తకం చూసుకుంటూ నిలబడుతుంది. "బిగించకమ్మా," అంటుంది రోజూ. రోజూ ఆమె కాస్త బిగించే కడుతుంది.

పదేళ్ల కిందట ఆమె సైన్యంలో నర్సు. సముద్రం అవతలి దేశానికి ఏడాది పాటు పంపడానికి ఎనిమిది మందిని ఒక జట్టు చేసి, మూడు నెలలు శిక్షణ ఇచ్చారు. ఇంటి ముఖం చూసింది లేదు. ఆదివారం ఐదు నిమిషాలు ఫోను, అంతే. ఐదేళ్ల కూతురికి అందులో వేరే ఊసే ఉండేది కాదు.

"బళ్లో అందరివీ లేసుల బూట్లేనమ్మా. నాకు కట్టుకోవడం రావట్లేదు."

"నేనొచ్చి నేర్పిస్తాగా. అప్పటిదాకా ఎవర్నీ అడక్కు."

ఆ ఒక్కటైనా తన చేతుల మీదుగా జరగాలని ఆమె ఆశ.

ఇంటికి వెళ్లడానికి ఒకటే దారి. చివరి పరీక్ష ముప్పై కిలోమీటర్ల నడక, వీపు మీద బరువులతో, ఆరు గంటల్లో. ఎనిమిది మందీ గడువులోగా గేటు దాటితే విమానం ఎక్కే ముందు రెండు రోజులు సెలవు. ఒక్కరు వెనకబడినా ఎవరికీ లేదు.

ఇరవై రెండో కిలోమీటరు దగ్గర, కల్వర్టు దిగుతూ జట్టులోని డ్రైవరు కాలు మడతపడింది. మనిషి ఆరడుగుల పైమాటే, జట్టంతా అతన్ని నిచ్చెన అని పిలిచేది. ఆమె పక్కన కూర్చుని బూటు మీద చెయ్యి వేసింది.

"విప్పకక్కా," అన్నాడు. "పైనుంచే కట్టు బిగించెయ్. నడిచేస్తాను. నీ పాప ఉసురు నాకెందుకు?"

బూటు ఉన్నంతసేపు కాలు ఎలాగో నడుస్తుంది. విప్పితే వాచిపోయి మళ్లీ పట్టదు, ఇక స్ట్రెచరే. ఆ సంగతి అందరికీ తెలుసు.

"నువ్వే చెప్పాలమ్మా," అన్నాడు జట్టు నాయకుడు. "కాళ్ల సంగతి నీది. గడియారం సంగతి నాది."

ఇంకో ఎనిమిది కిలోమీటర్లు. రేపు ఈపాటికి ఇంటి మెట్టు మీద ఉండొచ్చు. ఆమె బూటు పైనుంచే మడమ పక్కన వేలితో నొక్కింది. డ్రైవరు నవ్వుతూనే ఉన్నాడు, కానీ అతని చెయ్యి పక్కనున్న గడ్డిని వేర్లతో సహా పెరికేసింది.

ఆమె లేసు ముడి విప్పింది. నాయకుడు స్ట్రెచరు పరిచాడు.

మోస్తుంటే అతని పాదాలు స్ట్రెచరు దాటి వేలాడాయి. "ఓ అర అడుగు తక్కువ పుడితే నీ సొమ్మేం పోయేదిరా," అని వెనక మోస్తున్న జట్టు వంటాయన రొప్పుతూ తిట్టాడు. గేటు చేరేసరికి పంతొమ్మిది నిమిషాలు ఆలస్యం. ఎముక విరిగిందని డాక్టరు చెప్పాడు. ఇంకాస్త నడిచుంటే కాలు వంకరగా మిగిలేదట.

ఆ సాయంత్రం ఫోనులో, "రాలేకపోతున్నానమ్మా," అంది.

"ఎవర్నీ అడగొద్దన్నావుగా. ఇప్పుడు అడగనా?" అంది కూతురు.

"అడుగు," అంది.

సముద్రం అవతల ఉన్న ఏడాదీ పొద్దున్నే తన బూట్లు కట్టుకునేటప్పుడు ఆమె వేళ్లు ఓ క్షణం ఆగేవి. ఒక చిన్న పాదం ముందుకు చాచినట్టు అనిపించేది. తిరిగొచ్చిన రోజు కూతురు పరుగున ఎదురొచ్చింది. లేసులు రెండూ చక్కగా ముడివేసి ఉన్నాయి. అమ్మమ్మ నేర్పిందట, పీట మీద కూర్చోబెట్టి. ఆమె ఆ ముడుల వంక చూస్తూ చాలాసేపు ఉండిపోయింది. కూతురు ఆమె ముఖం వంక చూసింది.

మర్నాడు బడికి వెళ్లేముందు ఆ పిల్ల లేసులు వదులుగా వదిలేసి వచ్చి, ఆమె ముందు కాలు చాపింది.

ఇప్పుడు కూతురు పదో తరగతి. బడికి వెళ్లే బస్సు ఏడుంబావుకి. తల్లీ కూతుళ్లు ఏడింటికల్లా మెట్టు మీదికి వస్తారు.